మంచంతో లేచిన బొంత

మా రావిర్యాలలో మాట మధ్యలో ఆగడం అందరికీ అలవాటు. విమానం చక్రాలు దింపుకొని ఇళ్ళ మీదుగా పోతుంటే ఎంత కోపంలో ఉన్నవాళ్ళయినా నోరు మూసుకుని నిలబడాల్సిందే. అది పోయాక ఆపిన చోటు నుంచే తిట్టు మళ్ళీ అందుకుంటారు. తుక్కుగూడ నుంచి వచ్చిపోయే మా మేనత్త సత్తెమ్మ అయితే, ఎక్కడ ఆపిందో మరిచిపోకుండా చూపుడువేలు గాల్లోనే నిలిపి ఉంచుతుంది. మా చిన్నమ్మ అనంతమ్మ ఒక్కతే వేరు. విమానం పోయాక "ఏందో అంటున్నవ్ గద చిన్నమ్మా" అని అడిగితే, "ఏం లేదు తియ్, గట్లనే" అనేస్తుంది. ఆమె మాటలు సగం విమానాలే ఎత్తుకుపోయాయి.

చిన్నమ్మ అంటే మా బాపు జంగయ్యకు రెండో భార్య. మా అమ్మ రేణుకమ్మ నా నాలుగో ఏట పోయింది. ఏడాది తిరిగేసరికి ఈమె వచ్చింది. ఆనాటి నుంచి నా జడలు, నా జ్వరాలు, నా పరీక్షలు, చివరికి నా పెళ్ళి, అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచాయి. ఆమెకు పిల్లలు కలగలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. రెండో పెళ్ళాం కొత్త చీర కట్టుకోవాలంటే ముందు దాన్ని పోయినామె ఫొటో ముందు పెట్టాలి. పసుపు కుంకుమ పెట్టి, "అక్కా, ముందు నువ్వు కట్టుకో" అని చెప్పాలి. ఆ తర్వాతే తాను కట్టుకోవాలి. పండగ పండగకూ చిన్నమ్మ ఈ పని తప్పకుండా చేసింది. చచ్చి సాధిస్తోందని మా అమ్మను ఊళ్ళో ఎవరో అంటే, చిన్నమ్మ ఆ మనిషితో చాలాకాలం మాట్లాడలేదు. అంత భక్తి. నాకు మాత్రం ఆ ఫొటో ముందు చేతులు కట్టుకుని నిలబడే చిన్నమ్మను చూడబుద్ధయ్యేది కాదు.

మొన్నటి ఎండాకాలం నేను తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సామాను తూకం వేసే కౌంటర్ దగ్గర నా ఉద్యోగం. మా ఆయన శ్రావణ్‌కుమార్ కూడా అక్కడే, సరుకు విమానాల వైపు. శంషాబాద్‌లో కిరాయి ఇల్లు. నేను వచ్చిన రోజే చిన్నమ్మ ముందరి గదిలో కిటికీ పక్కన నవారు మంచం వేసి, అమ్మ చీరలున్న ట్రంకు పెట్టె తెరిచింది. ఏటా ఒకసారి ఎండ చూపించి మడతపెట్టడం తప్ప ఆ చీరలను ఎవరం ముట్టుకోం. అందులోంచి ఆకుపచ్చ గళ్ళ నూలు చీర ఒకటి తీసి మంచం మీద పరిచింది.

"మీ అమ్మది. మెత్తగ, సల్లగుంటది. దీని మీద పండుకో."

"అమ్మ చీరెందుకు, నీ పాత చీర ఏదన్న పరవరాదు?"

"నా పాతయన్ని బొంతకు తీసిపెట్టిన గద బిడ్డా!" అని అటక కేసి చూపించి నవ్వింది. నిజంగా సంతోషంగా నవ్వింది. అక్కడ పెద్ద మూట ఉంది. నా పెళ్ళయిన నాటి నుంచి పోగేసిందట.

మా వైపు తొలి కాన్పుకు వచ్చిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు రెండు బొంతలు కుట్టి పెడతారు. తల్లికి పెద్దది, పసిబిడ్డకు చిన్నది. పుట్టగానే బిడ్డను ఆ చిన్న బొంతలోనే చేతికి అందుకుంటారు. కొత్త బట్ట పనికిరాదు. ఆ ఇంట్లో కట్టి, ఉతికి, మెత్తబడిన చీరలే పొరలు పొరలుగా పరిచి కుట్టాలి. చిన్నమ్మ రోజూ పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన చెట్ల నర్సరీలో మొక్కలకు నీళ్ళు పట్టే పనికి పోయి, మధ్యాహ్నానికి వస్తుంది. ఆ వారంలోనే కుట్టు మొదలు పెడతానని నర్సరీలో అందరికీ చెప్పుకుందట కూడా.

అంతలో సత్తెమ్మత్త మామిడికాయల సంచితో దిగింది. చిన్నమ్మ అటక మీంచి దించి పెట్టిన మూట చూసింది.

"బొంతకా? ఎవలు కుడ్తరు?"

"నేనే వదినా. ఇగ రేపటి సంది మొదలు పెడ్త."

అత్త మామిడికాయలు ఒక్కొక్కటే బుట్టలో సర్దుతూ, మెల్లగా, ప్రేమగానే అంది: "ఏమనుకోకు అనంతమ్మా. బొంత పట్టనోళ్ళు బొంత కుట్టొద్దంటరు. నేను పెట్టిన మాట గాదు. తొలుసూరు పిల్ల, జర చూసుకోవాలె గద. నేను కుడ్త తియ్, మా దిక్కు గీ పెండ్లిళ్ళు అయిపోనీ."

బొంత పట్టడమంటే, తన తొలి కాన్పుకు పుట్టింటి బొంత ఒడిలో అందుకోవడం. చిన్నమ్మకు కాన్పే లేదు. బొంత ఎక్కడిది?

"వదినా, నేను గీ పిల్లను..." అని చిన్నమ్మ మొదలుపెట్టింది. విమానం వచ్చింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. ముగ్గురం నోరు మూసుకున్నాం. అది పోయింది.

"ఆఁ, ఏమంటున్నవ్?" అంది అత్త.

"ఏం లేదు వదినా. నువ్వే కుట్టు."

మూట మళ్ళీ అటకెక్కింది. సూది, దారపు ఉండ కూడా దానిలోనే దోపేసింది. అత్త మీద నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమనాలి? ఆమె చెడ్డ మనిషి కాదు. మా అమ్మ పోయినప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగింది ఆమే. మంచి మనుషులు పట్టుకున్న ఆనవాయితీని విడిపించడం మహా కష్టం.

తర్వాత స్కానింగుకు పోయాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి కోస్తా మనిషి కాబోలు, మర్యాదగా అడిగింది: "మీరు పేషెంటుకి అమ్మగారాండీ?"

చిన్నమ్మ చీర కొంగు సర్దుకుంటూ, "కాదమ్మా. ఇంటి మనిషిని" అంది.

ఆ మాట నాకు సూదిలా దిగింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె నా నడుము వెనక తన చెయ్యి దిండులా పెట్టి కూర్చుంది, గుంతల్లో కుదుపు తగలకుండా. ఇంటి మనిషట! ఇలాగే వదిలేస్తే రేపు నా బిడ్డ దగ్గర కూడా ఈమె ఇంటి మనిషిగానే మిగిలిపోతుంది, మూల నిలబడి, అడిగితే తప్ప ముందుకు రాకుండా. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఉపాయమూ వచ్చింది. బొంత పట్టనోళ్ళు కుట్టొద్దు, అంతే కదా. అయితే ఈమె చేత బొంత పట్టించాలి. ఈమె పుట్టింటివాళ్ళు పంపని బొంత నేను కుట్టి పెట్టాలి.

చిక్కల్లా ఒకటే. కడుపుతో ఉన్నవాళ్ళు సూది ముట్టకూడదు. ఈ విషయంలో చిన్నమ్మ సత్తెమ్మత్తను మించింది. నా గౌను గుండీ ఊడితే ఇంట్లో సూది బయటికి తీయకుండా పక్కింటికి పంపి కుట్టించింది. అందుకని ఆమె నర్సరీకి పోయాకే పని. మూటలోంచి సగం చీరలు దించాను. నీలం పూలది, నర్సరీకి కట్టి కట్టి మోకాళ్ళ దగ్గర వెలిసిపోయినది, నా పెళ్ళిలో కట్టిన జరీ అంచుది. ప్రతిదీ నాకు తెలిసిన చీరే. ప్రతిదీ అమ్మ ఫొటో ముందు నిలబడి వచ్చినదే.

బాపు గోదాము దగ్గర రాత్రి కాపలా పని చేసి పగలు పడుకుంటాడు. సూదిలో దారం ఎక్కిస్తూ దొరికిపోయాను.

"కడుపుతోని సూది పట్టొద్దు గదనే బిడ్డా."

"ఎవలన్నరు?"

"అందరంటరు."

"నువ్వు చూసినవా, నేను పట్టంగ?"

బాపు నా చేతిలో సూది కేసి చూశాడు. "చూడలే" అని పోయి పడుకున్నాడు. మళ్ళీ లేచొచ్చి, దండెం వెనక నుంచి పాత పంచె ఒకటి తీసి నా ముందు పడేశాడు. "నడుమల గిది పెట్టు. పెండ్లిది."

"ఏ పెండ్లిది బాపూ?"

"రెండోది" అని గోడ వైపు తిరిగి ముసుగు పెట్టేశాడు. మా బాపు అంతకంటే ప్రేమగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

బొంత కుట్టేవాళ్ళు నేల మీద చాప పరిచి, నాలుగు మూలలా రోలో రోకలో బరువు పెట్టి, కాళ్ళు చాపుకుని కుడతారు. ఆ పొట్టతో నేను నేల మీద కూర్చుంటే లేపడానికి క్రేను తేవాలి. కాబట్టి చీరలను మంచం మీదే పరిచి, పక్కన ఎత్తు స్టూలు వేసుకుని కుట్టాను. మంచానికి ఒక పక్క కొంత, తిరిగి ఇంకో పక్క కొంత. చిన్నమ్మ వచ్చే వేళకు పైన దుప్పటి పరిచేసి, దాని మీదే పడుకునేదాన్ని. "డాక్టరు జర ఒళ్ళు వంచుమన్నది, నా పక్క నేనే సర్దుకుంట" అని ఆమెను మంచం దగ్గరికి రానివ్వలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నా దొంగతనం ఎవరికీ కనపడదని నా ధీమా.

నేను అంతకు ముందు కుట్టినవి గుండీలు మాత్రమే. నా కుట్లు తాగినవాడి నడకలా పోయేవి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దారాన్ని తిట్టాను, సూదిని తిట్టాను, నవారును తిట్టాను. ఫోన్లో శ్రావణ్‌ది వేరే బాధ.

"గంత పరేషాన్ ఎందుకే? ఆన్‌లైన్‌ల పెడ్తె రేపొద్దుగాల్లకు వస్తది. మెషిన్ల ఏసి ఉతుక్కోవచ్చు."

"అది దుప్పటి. నేను కుట్టేది బొంత."

"తేడా ఏంది?"

"మీ అమ్మనడుగు" అని పెట్టేశాను. ఆవిడేం చెప్పిందో గానీ మరుసటి ఆదివారం గట్టి దారపు ఉండలు రెండు పట్టుకొచ్చి, నోరెత్తకుండా సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు.

ఒకరోజు అన్నం పెడుతూ చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏందే, వేళ్ళు గిట్లున్నయ్?"

"మునగాకు దూసిన."

"మునగాకుకు ముండ్లు ఎప్పటి సంది మొలిచినయ్?"

అప్పుడొచ్చింది విమానం. ఆ పూట అది నా పక్షం. పోయాక చిన్నమ్మ నన్నొక చూపు చూసి, పప్పు గిన్నె నా వైపు జరిపింది.

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, మబ్బు పట్టింది. సత్తెమ్మత్త చేపలు తీసుకుని వచ్చింది, బొంత కుట్టిపోదామని బట్టల సంచితో సహా. చేపల కూర తినగానే, "ఏదీ, దించుండ్రి మూట" అంది.

"ఆగత్తా. ముందుగాల్ల ఇంకో పనుంది" అన్నాను. చిన్నమ్మను పీట మీద కూర్చోమన్నాను. పుట్టింటివాళ్ళు బొంత తెచ్చినప్పుడు ఎలా చేస్తారో అలాగే కాళ్ళకు పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టాను. వంగేసరికి నాకు ఆయాసం వచ్చింది. చిన్నమ్మ అయోమయంగా అత్త ముఖం చూసింది, బాపు ముఖం చూసింది. బాపు గడప మీద కూర్చుని పైకప్పు చూస్తున్నాడు.

"ఏందే ఇది, స్వర్ణా?"

"తొలుసూరు బిడ్డను ఒడిలకు తీసుకున్నప్పుడు నీకు రావాల్సిన బొంత. జర ఆలస్యమైంది."

"నేనెక్కడ కన్ననే!"

"కన్నది ఆమె. ఒడిలకు తీసుకున్నది నువ్వు. నేను గాదా నీ తొలుసూరు?"

ఇక ఆలస్యం చేస్తే నేనే ఏడుస్తానని గబగబా మంచం మీది దుప్పటి లాగేశాను. బొంత రెండు మూలలూ పట్టుకుని, గర్వంగా, ఒక్క ఊపున పైకెత్తాను.

బొంతతో పాటు మంచం లేచింది.

ఈ పక్క రెండు కోళ్ళూ గాల్లోకి లేచి దబ్బున పడ్డాయి. అర్థం కాక మళ్ళీ ఎత్తాను. మళ్ళీ లేచింది. సత్తెమ్మత్త ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత తొడ చరుచుకుంటూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఓసినీ! మంచాన్ని గూడ కుట్టినవానే? బొంత కప్పుకోవాల్నంటే మంచం నెత్తిన పెట్టుకోవాల్నా అనంతమ్మా?"

అదీ సంగతి. నేల మీద కుట్టాల్సింది మంచం మీద కుట్టాను. అక్కడక్కడ సూది నవారును కూడా పట్టుకుంది. బాపు బ్లేడు తీసుకుని మంచం కింద దూరి, వెల్లకిలా పడుకుని, నవారు పట్టిన దారాలు ఒక్కొక్కటీ తెంపాడు. చివరికి బొంత వదిలింది. తిరగేసి చూస్తే అడుగున ఆకుపచ్చ గళ్ళు. మంచం మీద పరిచిన అమ్మ చీర మొత్తం, ఈ కొస నుంచి ఆ కొస దాకా, బొంతకు అడుగు పొరగా కుట్టుకుపోయింది.

అత్త నవ్వు ఆగిపోయింది. "ఇది రేణుక చీర గద!"

"నేను చూసుకోలే అత్తా" అన్నాను. ఇన్ని రోజుల పని మట్టిపాలైందనుకున్నాను.

"ఇప్పు, ఇప్పు. సచ్చిపోయినామె చీర గట్ల ముట్టొద్దు బిడ్డా. మంచిది గాదు. జంగయ్యా, గా బ్లేడిటు తే" అని అత్త వేలు చూపించింది.

బాపు బ్లేడు పట్టుకుని చిన్నమ్మ వైపు చూశాడు. చిన్నమ్మ పీట మీది నుంచి లేచి వచ్చింది. బొంత తీసుకుంది. నీలం పూల వైపు చూసింది, తిప్పి ఆకుపచ్చ గళ్ళ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరింది. నా వంకర కుట్లు అక్కడా అలాగే తూలుతూ పోయాయి.

"ఇప్పకుండ్రి" అంది.

విమానం వచ్చింది. మబ్బు వల్ల ఇంకా కిందుగా వచ్చినట్టుంది, గిన్నెలు కూడా మోగాయి. అందరం ఆగాం. అత్త వేలు గాల్లోనే ఉంది. అది పోతుంది, చిన్నమ్మ 'ఏం లేదు తియ్' అంటుంది, అత్త బ్లేడు తీసుకుంటుంది. నాకు తెలుసు. ఎన్నేళ్ళుగా చూస్తున్నాను!

మోత తగ్గింది. చిన్నమ్మ అత్త వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు ఏ చీరైన ముందుగాల్ల అక్కకే పెట్టిన వదినా. ఇయ్యాల అక్క నాకొక చీర పెట్టింది. వద్దంటనా?"

పీట మీద కూర్చుని, బొంతను ఒడిలో పెట్టుకుంది. అత్త వేలు మెల్లగా కిందికి దిగింది. గోడ మీది అమ్మ ఫొటో కేసి ఒకసారి, చిన్నమ్మ ఒడి కేసి ఒకసారి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, తను తెచ్చుకున్న సూది చిన్నమ్మ చేతిలో పెట్టింది.

"ఒడిల వడ్డది గద. ఇగ పట్టినట్టే. నువ్వే కుట్టు. నాకు సూది బెజ్జం కనపడ్త లేదని ఎవలకు చెప్పుకోను?"

బయట వాన మొదలైంది. చిన్నమ్మ ఆ సాయంత్రమే చాప పరిచి, మూలల మీద రోకలీ సన్నెకల్లూ పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "సూది ముట్టకు. చూడు, అంతే. చాప పైకి రావొద్దు, గట్ల కుట్టాలె" అని నవ్వింది. ఎవరైనా వానకు తలదాచుకోవడానికి వరండాలోకి వస్తే, అడక్కపోయినా చెప్పేది: "నా బిడ్డ నాకు బొంత పెట్టింది. ఇప్పుడు దాని బిడ్డకు నేను కుడ్తున్న."

చిన్న బొంత పూర్తయింది. పెద్దది సగంలో ఉండగా, డాక్టరు చెప్పిన తేదీ కంటే ముందే నాకు నొప్పులొచ్చాయి. శంషాబాద్‌లో దవాఖానకు పోయాం. లోపల పడిన పాట్లు చెప్పను, పడ్డవాళ్ళకు తెలుసు. చివరికి పాప ఏడుపు వినిపించింది. నర్సు తలుపు తీసి బయటికి తొంగి చూసింది.

"పాప పుట్టిందండీ! పాపకు అమ్మమ్మ ఎవరు? బట్ట ఇవ్వండి!"

సరిగ్గా అప్పుడే ఎయిర్‌పోర్టు నుంచి విమానం లేచింది. తెరిచిన తలుపు సందులోంచి నాకు వరండా కనపడుతోంది. బాపు, అత్త, శ్రావణ్ ముగ్గురూ అలవాటు కొద్దీ నోళ్ళు మూసుకుని నిలబడిపోయారు. వాళ్ళ వెనక గోడకు ఆనుకుని ఉన్న చిన్నమ్మ, చిన్న బొంత రెండు చేతుల మీదా పరుచుకుని, వాళ్ళను పక్కకు నెట్టుకుంటూ ముందుకొచ్చింది.

విమానం పోయేదాకా ఆమె ఆగలేదు.

"నేనే!" అని అరిచింది. "అమ్మమ్మను నేనే!"

ఆ మోతను దాటుకుని ఆ మాట నా మంచం దాకా వచ్చింది.